బివైయూలో చేరే తెలుగు విద్యార్థులకు: ప్రోవోలో బస కుదుర్చుకోవడం, అందులో నెగ్గుకు రావడం

బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీని అందరూ బివైయూ అనే అంటారు. అమెరికాలో యూటా రాష్ట్రంలోని ప్రోవో ఊళ్లో ఉంది. 1875లో మొదలైన ఈ యూనివర్సిటీ లాటర్-డే సెయింట్స్ చర్చిది. మనవాళ్లకు మోర్మన్లంటే తెలుస్తుంది. హైదరాబాద్, విశాఖపట్నం, రాజమండ్రిలో ఈ చర్చి సంఘాలున్నాయి. ఆ కుటుంబాల పిల్లలకు ఇక్కడి పద్ధతులు కొంతైనా తెలిసే ఉంటాయి. చర్చితో ఏ సంబంధమూ లేకుండా ఎంఎస్‌కో పీహెచ్‌డీకో వచ్చేవాళ్లకే అన్నీ కొత్త. ఇది ముఖ్యంగా వాళ్ల కోసం.

ముందే ఒక మాట. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరు ఇళ్లంటే వినగానే మనవాళ్లు జూనియర్ కాలేజీ హాస్టల్‌ని ఊహించుకుంటారు: గేటుకు తాళం, వార్డెన్, రాత్రి హాజరు. ఇక్కడ అవేవీ ఉండవు. నిబంధనలు కొన్నే, స్పష్టంగా ఉంటాయి, ఒకసారి తెలిస్తే పాటించడం కష్టం కాదు. మనవాళ్లను నిజంగా ఏడిపించేవి రెండే: సరిగ్గా చదవకుండా సంతకం పెట్టిన కాంట్రాక్టు, ఆరుగురు పంచుకునే వంటిల్లు.

ఎవరు ఎక్కడ ఉండాలి

పెళ్లికాని బ్యాచిలర్స్ డిగ్రీ విద్యార్థులు మొదటి రెండు సెమిస్టర్లు క్యాంపస్ హాళ్లలోగానీ, యూనివర్సిటీతో ఒప్పందం ఉన్న బయటి అపార్ట్‌మెంట్లలోగానీ ఉండాలి. ఈ రెండో రకాన్నే కాంట్రాక్టెడ్ హౌసింగ్ అంటారు. ఇలాంటి చోట్ల ఒక్కో అపార్ట్‌మెంటు పూర్తిగా ఆడవాళ్లకో, పూర్తిగా మగవాళ్లకో ఇస్తారు. బయటి ఇళ్లక్కూడా ఈ షరతు పెట్టడమేమిటని 1970లలో అమెరికా న్యాయశాఖ అభ్యంతరం చెప్పింది. 1978లో రెండు పక్షాలూ ఒక ఒప్పందానికి వచ్చాయి, పద్ధతి నిలబడింది. మాస్టర్స్, పీహెచ్‌డీ వాళ్లు ఎక్కడైనా ఉండొచ్చుగానీ ఆనర్ కోడ్ (యూనివర్సిటీ విద్యార్థులంతా పాటించాల్సిన ప్రవర్తన నియమాలు) మాత్రం ఏ ఇంట్లో ఉన్నా వెంటే ఉంటుంది. మీకు ఏది వర్తిస్తుందో అడ్మిషన్ పోర్టల్లోనే రాసి ఉంటుంది. డబ్బు కట్టేముందు అది ఒకసారి చూసుకోండి.

క్యాంపస్‌లో ముఖ్యంగా రెండు రకాలు. హెలమన్ హాల్స్‌లో గదులుంటాయి, సొంత వంటిల్లు ఉండదు. పక్కనున్న కానన్ సెంటర్లో తినాలి, మీల్ ప్లాన్ తప్పనిసరి. హెరిటేజ్ హాల్స్‌లో ప్రతి అపార్ట్‌మెంటుకూ వంటిల్లుంటుంది. అన్నం, పప్పు లేకపోతే రోజు గడవనివాళ్లు రెండో ఆలోచన లేకుండా హెరిటేజ్ అడగాలి. దొరక్కపోతే బయట కాంట్రాక్టెడ్ అపార్ట్‌మెంటే మేలు.

మీరు అద్దెకు తీసుకునేది ఇల్లు కాదు, మంచం

హైదరాబాద్‌లో నలుగురు కలిసి ఫ్లాట్ తీసుకుంటే అద్దెకు నలుగురూ బాధ్యులు. ప్రోవోలో ఎవరి కాంట్రాక్టు వాళ్లదే. రెండు పడగ్గదుల్లో నలుగురు, మూడు పడగ్గదుల్లో ఆరుగురు ఉండటం మామూలు. పక్కవాళ్లు అద్దె ఎగ్గొట్టినా మిమ్మల్ని అడగరు. ఆ మేరకు నిశ్చింతే. కానీ ఇందులోనే ఒక తిరకాసుంది: మధ్యలో వెళ్లిపోతే మీ మంచం అద్దె కాంట్రాక్టు ముగిసేదాకా మీరే కట్టాలి. ఒక నెల ముందు చెప్పి ఖాళీ చేయడమనే మన అలవాటు ఇక్కడ చెల్లదు. తప్పించుకునే దారి ఒక్కటే, కాంట్రాక్టు అమ్మడం: మీ స్థానంలోకి వచ్చే మనిషిని మీరే వెతికి, అపార్ట్‌మెంటు మేనేజర్‌ను ఒప్పించి, కాగితం వాళ్ల పేరుకు మార్పించాలి. మగవాళ్ల అపార్ట్‌మెంటులో మంచం మగవాళ్లకే అమ్మగలరు, ఆడవాళ్లది ఆడవాళ్లకే. అందుకని కొనేవాళ్లు సగానికి తగ్గుతారు. ఆగస్టులో సులువుగా పోయే మంచం జనవరి రెండో వారంలో ఎవరికీ అక్కర్లేదు. అమ్మాలనుకుంటే సెమిస్టర్ మొదలుకావడానికి కనీసం ఆరు వారాల ముందే ప్రకటన పెట్టండి. బేరం కుదరకపోతే మొదటి నెల అద్దెలో కొంత మీరే భరిస్తామని చెప్పండి, చాలామంది చేసేది అదే.

ఈ అమ్మకాన్నే మీరు కొనేవైపు నుంచి వాడుకోవచ్చు. జనవరిలో చేరేవాళ్లకు, పెళ్లి చేసుకునో చర్చి మిషన్‌కు (మతప్రచార సేవకు) వెళ్తూనో ఖాళీ చేసేవాళ్ల కాంట్రాక్టులు తక్కువకే దొరుకుతాయి. వీడియో కాల్లో ఇల్లు చూపించమని అడగండి. గోడలకన్నా ముందు రూమ్మేట్లతో మాట్లాడండి. రాత్రి ఎప్పుడు పడుకుంటారు, వంట చేస్తారా, మసాలా వాసన ఇబ్బందా? మూడోది మొహమాటపడకుండా అడగాలి. మొహమాటపడి అడగకపోతే అక్టోబర్లో ఫ్రిజ్ మీద చీటీలు అంటించుకునే పరిస్థితి వస్తుంది.

సంతకానికి ముందు కాగితంలో చూడాల్సినవి:

తేదీలు. ఫాల్, వింటర్ కలిపి ఆగస్టు చివరి నుంచి ఏప్రిల్ చివరిదాకా ఒక కాంట్రాక్టు, స్ప్రింగ్, సమ్మర్ కలిపి ఇంకొకటి. ఏప్రిల్లో ఆఖరి పరీక్ష అయిన ఒకటి రెండు రోజుల్లోనే ఖాళీ చేయమంటారు. ఆగస్టులో సమ్మర్ కాంట్రాక్టు ముగిసేదానికీ ఫాల్ మొదలయ్యేదానికీ మధ్య కొన్ని రోజుల ఖాళీ ఉంటుంది. ఇల్లు మారేవాళ్లు ఆ రోజులు ఎక్కడుండాలో, సామాను ఎక్కడ పెట్టాలో జూలైలోనే చూసుకోవాలి. అదే అపార్ట్‌మెంటులో కొనసాగుతుంటే ఆ ఖాళీ రోజులు ఉండనిస్తారా అని మెయిల్లో అడిగి, జవాబు దాచుకోండి.

గది షేర్డా, ప్రైవేటా. షేర్డ్ అంటే ఒకే పడగ్గదిలో రెండు మంచాలు. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించే అద్దె ఎప్పుడూ షేర్డ్‌దే.

అద్దెలో కలవనివి. కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్, పార్కింగ్, కాంట్రాక్టు మార్పు రుసుము. ఇవన్నీ కలిపి నెలకు ఎంతవుతుందో లెక్కేసి, అప్పుడు రెండు ఇళ్లను పోల్చండి.

సోషల్ సెక్యూరిటీ నంబర్. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చేదాకా మీకది ఉండదు. దరఖాస్తులో ఆ గడి దగ్గర ఆగిపోయి, ఏదో ఒక అంకె వేసేవాళ్లున్నారు. ఆ పని ఎప్పుడూ చేయొద్దు. ఎఫ్-1 వీసా మీద కొత్తగా వస్తున్నానని మేనేజర్‌కు ముందే రాయండి. అమెరికాలో పూచీ ఉండేవాళ్లెవరని అడిగితే, ఒక సెమిస్టర్ అద్దె ముందుగా కడతాను, పూచీ మినహాయించండని అడిగి చూడండి.

దిగిన రోజు

సాల్ట్ లేక్ సిటీ విమానాశ్రయం నుంచి ప్రోవో సుమారు 80 కిలోమీటర్లు. ట్రాక్స్ గ్రీన్ లైన్ ఎక్కి నార్త్ టెంపుల్ స్టేషన్‌లో దిగి, అక్కడ ఫ్రంట్‌రన్నర్ రైలు పట్టుకుని ప్రోవో సెంట్రల్ చేరితే, అక్కడి నుంచి యూవీఎక్స్ బస్సు క్యాంపస్ దాకా వస్తుంది. ఆదివారం ఫ్రంట్‌రన్నర్ నడవదు. యూటాలో ఆదివారం చాలా పనులు ఆగిపోతాయి, అపార్ట్‌మెంటు ఆఫీసు కూడా మూసే ఉంటుంది, తాళంచెవి ఇచ్చే నాథుడుండడు. ఎంత చవగ్గా వచ్చినా ఆదివారం దిగే టికెట్ కొనకండి.

తాళం చేతికొచ్చిన గంటలోనే ఇంటి పరిస్థితి రాసే ఫారం నింపాలి. కార్పెట్ మీద మరకలు, బ్లైండ్స్‌లో విరిగిన రేకులు, పరుపు రెండు వైపులా, సింకు కింద చెమ్మ, ఓవెన్ లోపల, కాయిల్ స్టవ్ కింద ఉండే గిన్నెల్లాంటి రేకులు. ఫొటోలు తీసి మేనేజర్‌కు మెయిల్ చేయండి. అప్పుడు తేదీతో సహా రుజువు ఉంటుంది. పరుపు కొలత చూశాకే దుప్పట్లు కొనండి: క్యాంపస్ హాళ్లలో ట్విన్ ఎక్స్‌ఎల్, బయట చాలాచోట్ల మామూలు ట్విన్. పొడవులో 5 అంగుళాల తేడా, చిన్న దుప్పటి మూలలు రాత్రంతా ఊడిపోతూనే ఉంటాయి.

పడగ్గది గుమ్మం, గడియారం

ఆనర్ కోడ్‌లో ఇంటికి సంబంధించిన అసలు నియమం ఇది: ఆడవాళ్ల ఇంటికి మగవాళ్లు, మగవాళ్ల ఇంటికి ఆడవాళ్లు రావొచ్చు. హాల్లో, వంటింట్లో కూర్చోవచ్చు. పడగ్గదిలోకి మాత్రం వెళ్లకూడదు. వచ్చే సమయం ఉదయం 9 తర్వాత, వెళ్లాల్సింది రాత్రి 12 లోపు. శుక్రవారం రాత్రి మాత్రం 1:30 దాకా. క్యాంపస్ హాళ్లలో ఇంతకన్నా కట్టుదిట్టం, హాల్లో అంటించిన పట్టిక చూడండి.

ఇది వినడానికి తేలికే. ఇబ్బంది వచ్చేది పరీక్షల ముందు. గ్రూప్ ప్రాజెక్టుకు నలుగురు కూర్చుంటారు, 11:50 అవుతుంది, రాసిన ప్రోగ్రామ్ ఇంకా నడవదు. ఇలాంటి పనులు ఇంట్లో పెట్టుకోకుండా లైబ్రరీలోనో డిపార్ట్‌మెంటులోనో పెట్టుకోండి. లేకపోతే 11:30కి ఫోన్లో అలారం పెట్టి అక్కడితో ఆపేయండి. ఉగాదికో దసరాకో పదిమందిని పిలవాలంటే అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్ గానీ, క్యాంపస్‌లో విల్కిన్సన్ సెంటర్ గది గానీ ముందే అడగండి. పడగ్గదుల తలుపులు మూసి ఉంచండి. మన ఇళ్లలో పిల్లలు ఎక్కడికైనా పరుగెత్తుతారు, వాళ్ల వెనకే పెద్దలూ వెళ్తారు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఇక్కడే సర్దుకుందాం అనే ఆలోచన ముందే మానుకోండి. మగపిల్లల ఇంట్లో అమ్మ, ఆడపిల్లల ఇంట్లో నాన్న రాత్రి ఉండటం కుదరదు, పైగా ఆ మంచం ఒక్కరికే. వాళ్లకు విడిగా గది చూడాలి.

ఎవరైనా లైంగిక దాడికి గురై ఫిర్యాదు చేస్తే, ఆ సమయంలో వాళ్లు విజిటింగ్ వేళలు దాటారనో మందు తాగారనో శిక్షించరు. 2016లో వచ్చిన విమర్శల తర్వాత యూనివర్సిటీ తెచ్చిన మార్పు ఇది. మీ చెల్లెలికీ, రూమ్మేట్‌కీ కూడా తెలియాల్సిన విషయం.

కాఫీ, టీ, గడ్డం

ఆనర్ కోడ్ ప్రకారం మద్యం, పొగాకుతోపాటు కాఫీ, టీ కూడా నిషేధం. ఫిల్టర్ కాఫీ, అల్లం టీ, గ్రీన్ టీ అన్నీ అందులోకే వస్తాయి. మూలికల కషాయాలకు అభ్యంతరం లేదు, కాబట్టి ధనియాలు, జీలకర్ర, శొంఠి మరిగించి బెల్లం వేసుకోవచ్చు. కెఫీన్ ఉన్న కూల్‌డ్రింకులు 2017 నుంచి క్యాంపస్‌లోనే అమ్ముతున్నారు. రోజుకు మూడు కప్పులు తాగే అలవాటుంటే బయలుదేరడానికి మూడు వారాల ముందు నుంచే వారానికొక కప్పు తగ్గించుకుంటూ రండి. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి సరిగ్గా ఓరియంటేషన్ రోజుల్లోనే పట్టుకుంటుంది. సూట్‌కేసులో కాఫీపొడి తేకండి.

మగవాళ్లు రోజూ గడ్డం గీసుకోవాలి. మతపరమైన, వైద్యపరమైన కారణాలకు మినహాయింపు అడగొచ్చు. నవంబర్లో అయ్యప్ప మాల వేసుకునేవాళ్లు 41 రోజులూ గడ్డం పెంచాలి కాబట్టి, మాల వేసుకున్నాక కాకుండా సెప్టెంబర్లోనే రాతపూర్వకంగా అడగండి. అనుమతి వచ్చేదాకా గీసుకుంటూనే ఉండాలి.

ప్రతి ఏడూ ఒక మత పెద్ద నుంచి ఎండార్స్‌మెంట్ కూడా కావాలి. చర్చి సభ్యులు కానివాళ్లు తమ మతానికి చెందిన పెద్ద దగ్గరకు వెళ్లొచ్చు, లేదా యూనివర్సిటీ చాప్లిన్‌తో మాట్లాడొచ్చు. దగ్గర్లో గుడి పంతులుగారు ఎవరూ తెలియని హిందూ విద్యార్థులకు చాప్లిన్ దారే సులువు. గడువు చివరి వారందాకా ఆగితే క్లాసులకు రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది.

మీ అపార్ట్‌మెంటు ఏ వార్డు (చర్చి స్థానిక సంఘం) కిందికొస్తుందో ఆ సంఘంవాళ్లు మొదటి వారంలోనే బిస్కట్లతో తలుపు తడతారు. తీసుకోండి, థ్యాంక్స్ చెప్పండి. ప్రార్థనకు రాలేనంటే తప్పుగా అనుకోరు. నెలలో మొదటి ఆదివారం రూమ్మేట్లు ఉపవాసం ఉంటారు. ఆ రోజు పొద్దున్నే బిర్యానీ దమ్ పెట్టకుండా ఉంటే మీకే మంచి పేరు.

వంటిల్లు

ఇండియా మిక్సీ, రైస్ కుక్కర్ తేకండి. అక్కడ 230 వోల్టులు, ఇక్కడ 120. 750 వాట్ల మిక్సీకి సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ బరువు, ధర చూస్తే 110 వోల్టుల మిక్సీ కొనడమే మేలనిపిస్తుంది. స్టవ్ మీద పెట్టే ప్రెషర్ కుక్కర్ మాత్రం తప్పకుండా తెచ్చుకోండి, రెండు గాస్కెట్లు అదనంగా.

ప్రోవో దాదాపు 1,390 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ నీళ్లు 95 డిగ్రీలకే మరుగుతాయి. కందిపప్పు మామూలు గిన్నెలో గంటసేపు ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది. కప్పు పప్పును అరగంట నానబెట్టి, మూడు కప్పుల నీళ్లతో కుక్కర్లో పెట్టండి. ఇంటి దగ్గర నాలుగు కూతలైతే ఇక్కడ ఆరు. సోనా మసూరికి ఒకటికి రెండు నీళ్లు పోసేవాళ్లు ఇంకో పావు కప్పు కలపాలి.

ఇడ్లీ పిండి చలికాలంలో పులియదు. ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి, పిండి గిన్నె అందులో పెడితే 10-12 గంటల్లో పొంగుతుంది. గిన్నె కింద ఒక పళ్లెం పెట్టండి. ఓవెన్ నాబ్ మీద పెద్ద చీటీ అంటించడం మాత్రం మర్చిపోవద్దు. పిజ్జా కోసం రూమ్మేట్ ఓవెన్‌ను 425 ఫారెన్‌హీట్‌కు పెడితే పిండీ పోతుంది, ప్లాస్టిక్ మూత కరిగి ఓవెనూ పాడవుతుంది. అది మీ డిపాజిట్ నుంచే పోతుంది.

ఇక పోపు. పొగ గంట మోగేది ఎక్కువగా ఎండుమిరపకాయల వల్లే. చాలా ఇళ్లలో స్టవ్ మీద ఫ్యాను పొగను బయటికి పంపదు, జల్లెడలోంచి లాగి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. కిటికీ తెరిచి, పడగ్గదుల తలుపులు మూయండి. కాయిల్‌ను మధ్యకన్నా కాస్త తక్కువలో పెట్టి, రెండు చెంచాల నూనె కాగాక ఆవాలు వేసి మూత పెట్టండి. చిటపట ఆగాక మినప్పప్పు, జీలకర్ర. మిరపకాయ, కరివేపాకు చివర్లో వేసి, వెంటనే గిన్నెను కాయిల్ మీంచి పక్కకు తీయాలి. స్టవ్ ఆపేస్తే సరిపోదు, కాయిల్ ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఎర్రగానే ఉండి మిరపకాయను మాడుస్తుంది. గంట మోగితే టవల్‌తో విసరండి. బ్యాటరీ పీకడం, ప్లాస్టిక్ కవరు కట్టడం చేస్తే జరిమానా పడుతుంది. అగరుబత్తి, నూనె దీపం, కొవ్వొత్తి కూడా వద్దు. దేవుడి దగ్గర బ్యాటరీ దీపం పెట్టుకోవాల్సిందే.

క్లీనింగ్ చెక్

నెలకోసారి మేనేజర్ వచ్చి ఇల్లు చూస్తారు. పనులు ముందే పంచుతారు: ఒకరికి బాత్‌రూమ్, ఒకరికి ఫ్రిజ్, ఒకరికి స్టవ్. మీ భాగం తప్పితే జరిమానా మీకే. మనవాళ్లు తప్పేది రెండు చోట్ల. ఒకటి స్టవ్ చుట్టూ పసుపు: బేకింగ్ సోడాను తడిపి ముద్దలా పట్టించి 15 నిమిషాలు ఉంచి తుడవండి, గట్టి పీచుతో రుద్దితే ల్యామినేట్ గీతలు పడుతుంది. హుడ్ జల్లెడను వేడినీళ్లు, గిన్నెల సబ్బు, రెండు చెంచాల సోడాలో 20 నిమిషాలు నానబెడితే నూనె జిడ్డు దానంతటదే వదులుతుంది. కాయిల్ కింద రేకులు నల్లబడిపోతే రుద్దుతూ కూర్చోవద్దు. వాల్‌మార్ట్‌లో కొత్తవి చవకే. పాతది ఒకటి వెంట తీసుకెళ్లండి, 6, 8 అంగుళాల సైజులే కాక కంపెనీని బట్టి కన్నం చోటు కూడా మారుతుంది.

రెండోది బాత్‌రూమ్. ప్రోవో నీళ్లు కఠిన జలం (హార్డ్ వాటర్), కుళాయిల మీద తెల్లగా పేరుకుంటుంది. వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి తడిపిన గుడ్డ అరగంట చుట్టి ఉంచితే పోతుంది. వెనిగర్ వాడిన చోట అదే పూట బ్లీచ్ పోయకండి, విషవాయువు వస్తుంది.

కారు కొంటే స్టిక్కర్ అంటించేదాకా కాంప్లెక్స్‌లో పెట్టకండి. ప్రోవోలో చక్రానికి తాళం వేయడమే పనిగా తిరిగేవాళ్లుంటారు, రాత్రి రెండింటికి కూడా.

ఖాళీ చేసేటప్పుడు

రూమ్మేట్లతోగానీ ఓనర్‌తోగానీ గొడవ పెద్దదైతే యూనివర్సిటీలోనే మధ్యవర్తిత్వం చేసే కేంద్రం ఉంది. చిన్న క్లెయిమ్స్ కోర్టు గురించి ఆలోచించేముందు అక్కడికి వెళ్లండి.

ఆఖరి రోజు మొదటిరోజు తీసిన ఫొటోలు దగ్గర పెట్టుకుని అవే చోట్ల మళ్లీ తీయండి. తాళంచెవి ఇచ్చినట్టు రసీదు గానీ మెయిల్ గానీ తీసుకోండి. మీ కొత్త చిరునామా రాసివ్వండి. యూటా చట్టం ప్రకారం ఖాళీ చేసిన 30 రోజుల్లోగా డిపాజిట్ మిగులు, దేనికెంత కోశారో చెప్పే జాబితా ఓనర్ పంపాలి. ఇండియా చిరునామా ఇస్తే చెక్కు వచ్చినా అక్కడ మార్చుకోవడం తలనొప్పి. ప్రోవోలోనే ఉండే స్నేహితుల చిరునామా ఇచ్చి, మీ అమెరికా బ్యాంకు ఖాతాను చెక్కు జమయ్యేదాకా మూయకండి.